జమా–ఖర్చు: గోడలు లేని స్టూడియో

స్టూడియో లేకుండా ఫోటోల వ్యాపారం చేయడమంటే కొట్టు లేకుండా కిరాణా వ్యాపారం చేయడం లాంటిదని మనలో చాలామంది అభిప్రాయం. వీధిలోకి బోర్డు కనబడాలి, లోపల రంగు తెర ఉండాలి, గాజు అద్దం వెనక నలుగురు పెళ్ళికూతుళ్ళు నవ్వుతూ ఉండాలి. అప్పుడే అది వ్యాపారం, లేకపోతే కాలక్షేపం! ఈ అభిప్రాయాన్ని నమ్ముకుని ఒక కుటుంబం నగలు తాకట్టు పెట్టబోతున్నది. అందుకని ఈ సంచికలో మన ‘జమా–ఖర్చు’ను ఆ సంగతికే కేటాయిస్తున్నాను.

ఆ కుటుంబం కోయంబత్తూరులో సింగానల్లూరు వైపు తరతరాలుగా ఉన్న మన తెలుగువారే. అమ్మాయి డిగ్రీ చదివింది. మూడేళ్ళుగా అయినవాళ్ళ ఇళ్ళలో సీమంతాలకూ షష్టిపూర్తులకూ ఫోటోలు తీస్తోంది. మనిషి ముఖం తీయడంలో చెయ్యి తిరిగింది. తండ్రి మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. గాంధీపురంలో ఒక మేడ మీద గది చూశారు. అడ్వాన్సుకూ లోపలి హంగులకూ కలిపి నాలుగున్నర లక్షలు కావాలి. పెళ్ళికని చేయించిన నగలు బ్యాంకులో పెడదామని తల్లిదండ్రులు, వద్దని అమ్మాయి. “స్టూడియో అని ఒకటి లేకుంటే, సంబంధం మాట్లాడే వాళ్ళు మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏమని చెప్పేదండీ?” అని ఆ తల్లి నన్ను అడిగారు.

ఆవిడ అడిగింది మర్యాద గురించి. నేను కామర్సు చదువుకున్నవాణ్ణి కనుక ముందు లెక్క చూసి, తర్వాత మర్యాద దగ్గరికి వస్తాను.

అద్దె దేనికి కట్టేవారు?

పాతరోజుల్లో స్టూడియో పెట్టినవారు మూడు అవసరాల కోసం అద్దె కట్టేవారు. మొదటిది చీకటి గది. ఫిల్మ్ కడగాలన్నా, ప్రింటు వేయాలన్నా అది ఉండి తీరాలి. రెండోది నిలకడైన వెలుగు. పెద్ద పెద్ద దీపాలను రోజుకొక చోటికి మోయడం కుదిరే పని కాదు. మూడోది, వచ్చినవాళ్ళు కూర్చోవడానికీ, వారం తర్వాత వచ్చి ఫోటోలు తీసుకువెళ్ళడానికీ ఒక చోటు.

కలర్ ల్యాబులు వచ్చాక చీకటి గది అవసరం తగ్గింది. డిజిటల్ కెమేరా వచ్చాక పూర్తిగా పోయింది. దీపాలు ఇప్పుడు ఒక సంచిలో పడతాయి. ఫోటోలు ఎంచుకోవడం ఫోనులో జరుగుతుంది. అంటే అద్దె కట్టడానికి ఉన్న మూడు కారణాలూ దాదాపు తీరిపోయాయి. మిగిలినది ఒక్కటే. “వీళ్ళు ఎక్కడికీ పోరు, రేపు వస్తే ఇక్కడే ఉంటారు” అనే నమ్మకం. బోర్డు చూసి జనానికి కలిగేది అదే. ఆ నమ్మకాన్ని అద్దె లేకుండా సంపాదించే దారి ఉంటే గది అక్కరలేదు.

గది లేకుండా కెమేరా పట్టుకు తిరగడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫోటోగ్రాఫరు లిన్నేయస్ ట్రైప్ 1858లో సరంజామా అంతా వెంటబెట్టుకుని మదురై వచ్చి, మీనాక్షి గుడినీ, తిరుమల నాయకుల మహలునూ, తెప్పకుళాన్నీ కాగితపు నెగటివుల మీద తీశాడు. ఆయన తీసినవి కట్టడాలే గాని ముఖాలు కావు. అయినా లెక్కలవాళ్ళకు ఆయన కథలో ఒక పాఠముంది. బొమ్మలు చాలా గొప్పవి. ఖర్చు మాత్రం మితిమీరిందని కొత్తగా వచ్చిన గవర్నరు ట్రెవెల్యన్ ఆ పనిని ఆపించాడు. అద్దె లేనంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదన్నమాట.

మన తెలుగువారిలో రఘుపతి వెంకయ్య నాయుడుగారిని చూడండి. బందరు నుంచి మద్రాసు వచ్చి ఫోటో స్టూడియో నడిపిన మనిషి. 1909 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టు పెట్టి, బొమ్మా శబ్దమూ కలిపి చూపే క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని తెప్పించారు. దానితో ఊళ్ళు తిరిగి ప్రదర్శనలిచ్చి, ఆ తర్వాతే మద్రాసు మౌంటు రోడ్డులో గెయిటీ థియేటరు కట్టారు. సంపాదించి పెట్టే యంత్రం కోసం గోడలను తాకట్టు పెట్టారు గాని, గోడల కోసం యంత్రాన్ని తాకట్టు పెట్టలేదు.

ఇక కోయంబత్తూరువాళ్ళకు జి.డి. నాయుడుగారి సంగతి నేను చెప్పాలా? 1893లో కళంగల్‌లో పుట్టిన ఆయన 1920లో ఒకే ఒక్క బస్సుతో పొళ్ళాచ్చి–పళని దారిలో మొదలుపెట్టారు. కెమేరాలంటే కూడా ఆయనకు ప్రాణం. 1936లో లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా సినిమా తీశారు. అంతటి మనిషి కూడా మొదట కొన్నది తిరిగే బండిని.

రెండు పద్దులు

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి. మీ వీధి అద్దెలు వేసుకుని మీరు మార్చుకోవచ్చు.

స్టూడియో పద్దు: నెలకు అద్దె 18,000 రూపాయలు. కరెంటు, ఫోను 3,000. ఒక సహాయకుడి జీతం 10,000. నగల మీద తెచ్చిన నాలుగున్నర లక్షలకు ఏడాదికి నూటికి పది చొప్పున వడ్డీ నెలకు 3,750. కెమేరా, లెన్సు, దీపాలు కలిపి 1,80,000 అనుకుని, అయిదేళ్ళు పనిచేస్తాయనుకుంటే నెలకు 3,000 అరుగుదల. 60,000 కంప్యూటరు నాలుగేళ్ళు వస్తే నెలకు 1,250. మొత్తం 39,000. మొదటి మనిషి మెట్లెక్కి రాకముందే ఇంత ఖర్చు.

ఇంటింటికీ వెళ్ళే పద్దు: కెమేరా, కంప్యూటరు అరుగుదల అదే 4,250. స్కూటరు పెట్రోలు, అప్పుడప్పుడు ఆటో కలిపి 4,000. ఫోను, ఇంటర్నెట్టు 1,000. పెద్ద కుటుంబాలకు వెళ్ళే రోజుల్లో తోడుగా ఒక మనిషి, నెలకు పన్నెండు రోజులు, రోజుకు 600 చొప్పున 7,200. మొత్తం 16,450.

ప్రింటు ఖర్చు పోగా ఒక ఇంటికి 2,500 మిగులుతుందనుకుందాం. స్టూడియో వారు నెలకు పదహారు కుటుంబాలను తీస్తేగాని ఖర్చుకు సరిపోదు. ఇంటింటికీ వెళ్ళేవారికి ఏడు చాలు. పైగా ఆడి నెలలో, మార్గళిలో మన ఇళ్ళల్లో శుభకార్యాలు జరగవు. ఇంటి ఓనరు ఆడి మాసమని అద్దె మానుకుంటారా? తిరిగే వ్యాపారానికైతే పని లేని నెలలో పెట్రోలు ఖర్చూ లేదు, తోడు మనిషి ఖర్చూ లేదు.

ఇంతవరకు చూసి “చూశారా, నేను చెప్పలేదా!” అని అమ్మాయి సంతోషించవచ్చు. అసలు ప్రమాదం ఇక్కడినుంచే మొదలవుతుంది.

అద్దె లేదని రేటు తగ్గించకండి

గది లేనివారు సాధారణంగా అనే మాట, “నాకు అద్దె లేదు కదా, సగం ధరకే చేస్తాను” అని. కానీ వాళ్ళ అసలు ఖర్చు కాలం. ఒక ఇంటికి వెళ్ళి రావడానికి గంటన్నర. సామాను సర్దడానికీ మళ్ళీ మూట కట్టడానికీ ఒక గంట. ఫోటోలకు ఒక గంట. కంప్యూటరు ముందు రెండు గంటలు. ప్రింట్లు వేయించి అందించడానికి మరో గంట. మొత్తం ఆరున్నర గంటలు. స్టూడియోలో ఇదే పని మూడు గంటల్లో తెమిలిపోతుంది. ఈ లెక్కన ఒక్క మనిషి నెలకు ఇరవై ఇళ్ళు చేస్తే గొప్ప.

ఇరవై ఇళ్ళూ 2,500 చొప్పున చేస్తే 50,000 వస్తుంది, ఖర్చు పోగా 33,550 మిగులుతుంది. అదే 1,200కు ఒప్పుకుంటే వచ్చేది 24,000, మిగిలేది 7,550. పని అంతే, అలసట అంతే, మిగులు మాత్రం నాలుగో వంతు కూడా లేదు. ఇలా రెండేళ్ళు చేసి, కెమేరా పాడయ్యే వేళకు కొత్తది కొనలేక మానేసినవారిని నేను చూశాను. తగ్గించవలసి వస్తే ధర తగ్గించకండి, ప్రయాణం తగ్గించండి. పీళమేడులో ఒక ఇంటికి వెళ్ళే రోజున ఆ వీధిలోనే మరో రెండిళ్ళు కుదుర్చుకోండి. మూడిళ్ళకు ఒకే ప్రయాణం అవుతుంది.

మరొక సంగతి. నేను స్టూడియోకు శత్రువును కాను. పాస్‌పోర్టు సైజు ఫోటోలకు జనం నడిచి వస్తారు, వాటికి రోడ్డు మీద కొట్టు ఉండాల్సిందే. ఆరు నెలలపాటు వరసగా ఇరవై ఇళ్ళు నిండి, వచ్చిన పనిని తిప్పి పంపవలసి వస్తే అప్పుడు గది వెతకండి. అప్పటికి అడ్వాన్సు నగల్లోంచి కాక, సంపాదనలోంచి వస్తుంది. ఈలోగా పెద్ద గ్రూపులకు చోటు కావాలంటే కల్యాణ మండపంలో ఒక గదిని ఒక పూటకు తీసుకోవచ్చు. మన సంఘం హాలు కూడా వారంలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. సభ్యుల పిల్లలకు పూట అద్దెకు ఇవ్వడాన్ని కార్యవర్గం పెద్దలు ఆలోచించవలసిందిగా ఈ శీర్షిక ద్వారా మనవి చేసుకుంటున్నాను.

బోర్డుకు బదులు

బోర్డు ఇచ్చే నమ్మకాన్ని బోర్డు లేకుండా ఎలా తేవాలి? నాలుగు పనులు చెబుతాను.

ఒకటి, చీటీ. ఎంత దగ్గరి చుట్టమైనా సరే తేదీ, ఎంతమంది, ఎన్ని ఫోటోలు, ఏ రోజుకు ఇస్తారు, ఎంత ముట్టింది, ఎంత బాకీ అన్నవి రాసి ఇవ్వాలి. మూడో వంతు ముందుగా తీసుకోవాలి. చుట్టరికం చెడేది డబ్బు అడిగినందుకు కాదు, ముందు చెప్పనందుకు.

రెండు, చిరునామా. చీటీ మీద ఇంటి చిరునామా అచ్చు వేయించి, వారంలో ఫలానా పూట ఇంట్లో ఉంటానని కూడా రాయాలి. ఆ పూట తప్పకుండా ఉండాలి.

మూడు, ఫోటోల భద్రత. ప్రతి ఇంటి ఫోటోలకూ రెండు నకళ్ళు, రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్న వారిదే. కాబట్టి వాళ్ళ ఆడపిల్ల ఫోటోను మీ ప్రకటనకు వాడుకోవాలంటే వాళ్ళ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఈ ఒక్క జాగ్రత్త వల్ల పది ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి.

ఆడపిల్ల ఫోటోగ్రాఫరు కావడం వ్యాపారానికి లోటు కాదు, బలం. 1892లోనే హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, దాని నిర్వహణ ఒక మహిళకు అప్పగించారు. సీమంతం ఇంట్లో, బాలింత గదిలో ఈ అమ్మాయికి దొరికే చనువు మగ ఫోటోగ్రాఫరుకు దొరకదు. అయితే కొత్త ఇంటికి వెళ్ళే రోజున తోడు మనిషి లేకుండా వెళ్ళకూడదు. ఆ 600 రూపాయలు వ్యాపార ఖర్చుగానే రాసుకోవాలి.

నాలుగు, బ్యాంకు. నేను రోజూ కూర్చునే కుర్చీ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2020 జులై 1 నుంచి ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషను ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా జరుగుతుంది. ఇంటి చిరునామాతో కూడా చేయించుకోవచ్చు. దానికి డబ్బడిగేవారిని నమ్మకండి. ఆ సర్టిఫికెట్టుతో వ్యాపారం పేరు మీద కరెంటు ఖాతా తెరిచి, వచ్చిన ప్రతి రూపాయీ, యు.పి.ఐ. అయినా నగదైనా, అందులోనే వేయాలి. ఇంటి ఖర్చుకు కావలసింది నెలకొకసారి జీతంలా తీసుకోవాలి. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకం కింద ఇలాంటి సేవా వ్యాపారాలకు తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. 50,000 వరకు శిశు, ఆపైన అయిదు లక్షల వరకు కిశోర్, పది లక్షల వరకు తరుణ్. కెమేరా, కంప్యూటరు కలిపి మన లెక్క ప్రకారం 2,40,000. ఇది కిశోర్‌లోకి వస్తుంది. అడిగిన ప్రతివారికీ హక్కుగా వచ్చే డబ్బు కాదిది, మేనేజరుకు నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం ఖాతా పుస్తకం చూస్తే కుదురుతుంది. నిజం చెప్పాలంటే, ఖాళీగా ఉండే స్టూడియో కన్నా నెలనెలా జమలు కనబడే ఖాతా మాకు ఎక్కువ ధైర్యం.

మన ఇళ్ళు, మన ముఖాలు

ఇక లెక్కకు అందని మాట ఒకటి.

కోయంబత్తూరులోనూ మదురైలోనూ మన పాత ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోయాక ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. పటానికి ఫోటో కావాలని వెతుకుతారు. మనవడి పెళ్ళి ఆల్బంలో మూలన నిలబడ్డ అవ్వ ముఖాన్ని కత్తిరించి పెద్దది చేయిస్తారు. అదీ లేకపోతే ఆధార్ కార్డు మీది బొమ్మే గతి. ఎనభై ఏళ్ళు బతికిన మనిషికి దండ వేసేది అలాంటి బొమ్మకా? మోకాళ్ళ నొప్పుల అవ్వ మేడ మీది స్టూడియోకు ఎలాగూ ఎక్కలేదు. ఆమె దగ్గరికి కెమేరా వెళ్ళాలి.

అక్కడే మన అమ్మాయికి ఎవరికీ లేని పెట్టుబడి ఒకటి ఉంది. ఇంటి తెలుగు. బయట జీవితమంతా తమిళంలో గడిపిన తాత కెమేరా ముందు కొయ్యలా బిగుసుకుపోతాడు. “తాతా, మన వాళ్ళు మొదట ఏ ఊళ్ళో దిగినారు?” అని మన తెలుగులో అడిగితే ముఖం విప్పారుతుంది. ఆ క్షణంలో తీసిన ఫోటో ఆయనదే.

వెలుగు గురించి ఒక మాట. ఉత్తరపు కిటికీ దగ్గర తీయమని పుస్తకాలు చెబుతాయి. అవి చల్లని దేశాల వాళ్ళు రాసుకున్నవి. మదురై సుమారు 10 డిగ్రీల, కోయంబత్తూరు 11 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు నాలుగో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం పక్కనే ఉంటాడు. ఆ నాలుగు నెలలూ దక్షిణం వైపు అరుగులో నీడ మెత్తగా ఉంటుంది. ముందురోజే ఒకసారి వెళ్ళి ఏ గంటకు ఏ చోటు బాగుంటుందో చూసుకోవాలి. ముఖానికి రెండో పక్క వెలుగు కావాలంటే ఉతికిన తెల్ల పంచె ఒకటి కుర్చీ మీద పరిస్తే చాలు.

చివరిగా, ప్రతి ప్రింటు వెనకా పేర్లు రాయాలి. ఎవరు, ఎవరి కొడుకు లేక కూతురు, ఏ ఊరు, ఏ ఏడు. ఆ ఇంటివాళ్ళకు తెలుగు లిపి రాకపోతే తమిళంలోనే రాయండి. మన పెట్టెల్లో ఉన్న పాత ఫోటోల్లో సగం మంది ఎవరో చెప్పగలిగినవారు ఇప్పుడు లేరు. మాట్లాడే భాష ఉండి చదివే అలవాటు పోయిన మనలాంటి వాళ్ళకు ఈ ముఖాలూ, వాటి వెనక పేర్లే చరిత్ర పుస్తకం. ఆడి నెలలో శుభకార్యాల పని ఉండదు కదా, ఆ నెలను పెద్దల ఫోటోలకు కేటాయిస్తే పుణ్యమూ పురుషార్థమూ రెండూ దక్కుతాయి.

ఆ తల్లిగారికి నా జవాబు ఇది. అమ్మా, నగలు బీరువాలోనే ఉండనివ్వండి. మీ అమ్మాయి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే “ఫోటోగ్రాఫరు” అని ఒక్క మాట చెప్పండి. స్టూడియో ఎక్కడని మళ్ళీ అడిగితే, ఆమె తీసిన పెద్దవాళ్ళ పటాలు ఉన్న ఇళ్ళ పేర్లు చెప్పండి. మన వీధుల్లో దానికి మించిన బోర్డు లేదు.